లావు కొండ మీద రెండు సంచులు

ముందే ఒప్పుకుంటాను, ఈ మొత్తం వ్యవహారంలో తెలివితక్కువవాణ్ణి నేనే. జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క సాహసాన్ని నా చేతులతోనే తీసుకెళ్ళి ఇంకొకాయన చేతిలో పెట్టి, "ఇది మీదే అనుకోండి, ఎవరడిగినా నేను లేనని చెప్పండి" అని బతిమాలుకున్నాను. ఆయన అనుకున్నాడు. ఎంత బాగా అనుకున్నాడంటే, ముప్పై ఏళ్ళుగా మస్కట్‌లో మన తెలుగువాళ్ళు ఎవరింట్లో పెళ్ళిరోజు భోజనానికి కలిసినా, ఏ పార్కులో పులిహోర పొట్లాలు విప్పినా, జావా ద్వీపం గురించి చెప్పేది ఆయనే. నోరు తెరుచుకుని వినేది జనం, నోరు మూసుకుని వినేది నేను. నా పేరు శేషగిరి, పిలిచేది శేషు అని. భాగహారం అంతా అయ్యాక అడుగున మిగిలేదాన్ని శేషం అంటారు. మావాళ్ళు ఆ పేరు ముందుచూపుతోనే పెట్టారని నా నమ్మకం.

పోయిన నెల మా దార్సైట్ ఫ్లాట్‌కి బొద్దింకల మందు కొట్టేవాళ్ళు వస్తామన్నారు. వాళ్ళొచ్చేలోగా అల్మారాలన్నీ ఖాళీ చెయ్యాలి. మా ఆవిడ కామేశ్వరి స్టూలెక్కి, అటక మీద రజాయిల వెనక నుంచి ఒక పాత వీపుసంచి లాగింది. ఖాకీ రంగు, తెగిన పట్టీ, కర్పూరం ఉండల వాసన, దాని అడుగున ఎక్కడో లవంగాల వాసన. "ఏవండీ, ఈ సంచి ఎవరిది?" అంది. "చలపతిగారిది" అన్నాను. ఆలోచించకుండా అన్నాను. అలవాటు అలాంటిది. తుమ్మితే ముక్కు తుడుచుకున్నట్టు, జావా మాటొస్తే చలపతిగారి పేరు వచ్చేస్తుంది నా నోట. ఆ మధ్యాహ్నమే వాట్సాప్ గ్రూపులో ప్రకటన చూశాను, 'జావా గుళ్ళలో నేను: శ్రీ చలపతిరావుగారి స్లైడ్ ప్రసంగం. అనంతరం సమోసా, టీ.' వెంటనే ఆయన ఫోను. "ఒరేయ్ శేషూ, లాప్‌టాప్ దగ్గర నువ్వే కూర్చోవాలిరా. నేను నెక్స్ట్ అంటాను, నువ్వు నొక్కాలి. అంతే పని." అంతే పని! ముప్పై ఏళ్ళుగా నా పని అదే కదా.

చలపతిరావుగారు నాకంటే ఆరేళ్ళు పెద్ద. దార్సైట్‌లో బ్రహ్మచారులుగా నలుగురం రెండు గదులు పంచుకున్న రోజుల్లో, మా రూమ్‌కి ఆయనే సీనియరు. వంట వంతులవారీగా చేసేవాళ్ళం. వండినవాడు గిన్నెలు తోమక్కర్లేదని చట్టం. చలపతిగారి వంతు ఎప్పుడూ గురువారం పడేది, గురువారం ఎవరో ఒకరు భోజనానికి పిలిచేవారు, అందుచేత ఆయన వండిందీ లేదు, వండకపోయినా తోమాలనే ఆలోచన వచ్చిందీ లేదు. డ్యూటీ నుంచి రాగానే తడితుండు మొహం మీద వేసుకుని పడుకుని, ఆ తుండు కింద నుంచే ఆజ్ఞలిచ్చేవాడు. "శేషూ, పోపులో ఇంగువ తగ్గిందిరా." తుండు కింద నుంచే ఆయనకు వాసన తెలిసేది! పొద్దున్నే స్నానానికి మొదట ఆయన, ఎందుకంటే గీజరులో వేణ్ణీళ్ళు ఒక్కరికే సరిపోతాయి. రైస్ కుక్కర్ అడుగున ఎర్రగా వేగిన అన్నం ఆయనకే. మాగాయ డబ్బా అడుగున మిగిలిన నూనె ఆయనకే. ఇవన్నీ ఆరోజుల్లో నాకు అన్యాయంగా తోచేవి కావు. పరాయి దేశంలో 'ఒరేయ్' అని పిలిచే మనిషి ఒకడున్నాడని సంబరంగా ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో మూడు గీజర్లున్నాయి. 'ఒరేయ్' అంటే మాత్రం ఒళ్ళు మండుతోంది.

నేను అల్ ఖువైర్‌లో ఒక ఇంజనీర్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఎవరో కట్టబోయే ఇళ్ళకు నేను గీతలు గీసేవాణ్ణి. నా బల్ల ఎదురుగా ఎవరో ఇచ్చిన కేలండరు, దాని మీద మంచులో తడిసిన ఒక రాతిగుడి, మెట్లు మెట్లుగా పైకి పోతూ. కింద చిన్నక్షరాల్లో 'జావా' అని. ఏడాది పొడుగునా అదే బొమ్మ. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల నా కళ్ళెదుట ఆ మంచు. ఇంతలో రెండేళ్ళకోసారి వచ్చే లీవు దగ్గరపడింది. తణుకులో పెళ్ళిచూపులు నిశ్చయించామని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. గురువారం, పదింటికి. పిల్ల పేరు కామేశ్వరి. నాకు ఇరవయ్యేడేళ్ళు, సముద్రం దాటొచ్చిన వీరుణ్ణి. పెళ్ళిచూపులనేసరికి భయం పట్టుకుంది. నేను పిల్లకు భయపడలేదు. ఆ గదిలో కూర్చోబెట్టి పదిమంది నన్ను చూస్తారే, దానికి భయపడ్డాను. ఆ ఉత్తరం చదివి, కేలండరు చూసి, మళ్ళీ ఉత్తరం చదివాను.

రువిలో టెలిఫోను బూతు నుంచి ఇంటికి చేశాను. "లీవు ఇవ్వనన్నాడమ్మా మా ముదీరు." ముదీరంటే మేనేజరు. ఎలాగూ రాస్తున్నాను గనక ఆయన గురించి నిజం కూడా రాయాలి. మా ముదీరు నిజ్వా ఊరి మనిషి, తెల్లటి గడ్డం, కాళ్ళదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, ఎవరినీ గొంతెత్తి పిలవని మనిషి. నేను లీవు కాగితం పెడితే సంతకం చేసి, తనంతట తానే రెండ్రోజులు కలిపి, పాస్‌పోర్టుతోపాటు ఒక పెద్ద డబ్బాడు ఖర్జూరాలు చేతిలో పెట్టాడు. "మా తోటవి. మీ అమ్మకు" అన్నాడు. ఆ మనిషిని మా ఇంట్లోనూ, కాబోయే అత్తారింట్లోనూ ఒక్క ఫోనుతో రాక్షసుణ్ణి చేశాను. ఆ ఖర్జూరాలు జావాలో రైల్లో నేనూ చలపతిగారూ తిన్నాం. చాలా తియ్యగా ఉన్నాయి. ఆ సంగతి చెప్పకుండా దాటేస్తే నాకు తిన్నది అరగదు.

చలపతిగారు ఎందుకొచ్చాడంటే, ఆయన లీవూ అప్పుడే పడింది, పైగా నేను దారంతా వండిపెడతానని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే తన వీపుసంచిలో రైస్ కుక్కరు పెట్టాడు. నిజంగానే. ప్రపంచంలో ఎంతోమంది సంచులు వీపున వేసుకుని జావా చుట్టివచ్చి ఉంటారు, అందులో కరెంటు కుక్కరు, ఆవకాయ సీసా, కందిపొడి, అయిదుకిలోల సోనామసూరి మోసినవాళ్ళం మేమిద్దరమే అయ్యుంటాం. 'మేమిద్దరం' అన్నది మర్యాదకు. మొదటిరోజే యోగ్యకర్త ఊళ్ళో మేం దిగిన చిన్న బస ఇంట్లో కుక్కరు పెట్టగానే ఇల్లంతా ఫ్యూజు పోయింది. యజమానురాలు కొవ్వొత్తి పట్టుకొచ్చి, కుక్కరు మూత ఎత్తి చూసి, తన వంటింట్లోంచి వేడి అన్నం తెచ్చిపెట్టింది. చలపతిగారు ఆవకాయ కలుపుకుని, "చూశావా, వీళ్ళకూ అన్నమేరా! ఇంకెందుకు మనం మోసుకొచ్చింది?" అన్నాడు. మరుసటి రోజు నుంచీ ఆ కుక్కరున్న సంచి నా వీపెక్కింది. మోసుకొచ్చింది దండగని తేలాక మొయ్యడం ఆయన పని కాదట.

గుళ్ళు చూడ్డానికి బళ్ళు మాట్లాడ్డం, దారులు కనుక్కోవడం, ఏ గుడికి ఎన్నింటికి వెళ్తే జనం ఉండరో అడిగి తెలుసుకోవడం నా వంతు. ఇంగ్లీషు అక్కడ అంతంతమాత్రం. నాకు హైస్కూల్లో సంస్కృతంలో ముప్పై అయిదు మార్కులు వేసి గట్టెక్కించిన మాస్టారు ఉండేవారు. ఆ ముప్పై అయిదు మార్కులతో జావా సగం తిరిగాను. నామ అంటే పేరే, బహాస అంటే భాషే, చరిత అంటే కథే. ఇంకో ముప్పై అయిదు వచ్చి ఉంటే బాలి కూడా చూసేవాణ్ణేమో. ఆ మాటలు ఏరుకుని, కాగితం మీద గుళ్ళ బొమ్మలు గీసి, బస ఇంటి వసారాలో వార్నో అనే డ్రైవరుతో బేరం కుదిర్చాను. అక్కడ పెద్దవాళ్ళను 'పాక్' అంటారు, మన 'అయ్యగారు' లాగా. పాక్ వార్నో అంటే ఒక పాత వ్యాను, లవంగాలు దట్టించిన సిగరెట్టు, తొందరలేని నవ్వు. ఆయన మల్లెపూలు వేసిన టీ తాగించి గాని బండి తియ్యడు. ఏ గుడి దగ్గర ఆగినా జరిగేది ఒకటే. చలపతిగారు దిగి, దువ్వెన తీసి, మొదటి మెట్టు మీద నిలబడి, "తియ్యరా" అనేవాడు. నేను ఫొటో తీసేవాణ్ణి. ఆయన వెనక్కి వెళ్ళి వ్యానులో పడుకునేవాడు. నేను గుడి చూసొచ్చి, ఆయన అడిగితే చెప్పేవాణ్ణి. బోరోబుదూర్ ఆయనకు ఒకే ఒక్క మెట్టు. ప్రంబనన్ ఒక ప్రహరీగోడ.

ఇక మధ్య జావాలో లావు అనే కొండ ఉంది. పేరు నిజంగా అదే. దాని మీద, తేయాకు తోటలు దాటాక, మెట్లు మెట్లుగా పైకి పోయే పాత గుడి. నా కేలండరు బొమ్మ అదే! గేటు దగ్గర వ్యాను ఆగకముందే నేను తలుపు తీశాను. చలపతిగారు మొదటి మెట్టు ఫొటో దిగి, "నేను కాస్త నడుం వాలుస్తాను. సంచులు వ్యానులో వద్దురా, నేను నిద్రపోతే ఎవరైనా పట్టుకుపోతారు. పైకి పట్టుకెళ్ళు" అన్నాడు. ఆయన వ్యానులో, సామాను కొండ మీద! ఒక సంచి వీపున, ఒకటి పొట్టకు కట్టుకుని, అడుగడుక్కీ కుక్కరు మూత గలగలమంటుంటే ఎక్కాను. పాక్ వార్నో ముందు నడుస్తూ, "పలాన్, పలాన్", అంటే మెల్లగా మెల్లగా, అంటూ వెనక్కి చూసి నవ్వి, నా మెళ్ళోని కెమెరా అడిగి తీసుకుని పైమెట్టు నుంచి ఒక ఫొటో తీశాడు. మొత్తం ప్రయాణంలో నేనున్న ఫొటో అదొక్కటే.

పైన మంచు. రాళ్ళు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఒక ముసలావిడ ఈనెల చీపురుతో రాలిన పూలు ఊడుస్తోంది. ఆ చీపురు చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. నన్నూ, నా రెండు సంచుల్నీ చూసి పళ్ళులేని నోటితో నవ్వింది. రెండు దేవగన్నేరు పూలు ఏరి నా చేతిలో పెట్టి, రెండోదాన్ని చూపిస్తూ "ఇస్త్రి?" అంది. నా చొక్కా నలిగిందంటోంది కాబోలని చొక్కా సర్దుకున్నాను. పాక్ వార్నో పడి పడి నవ్వి, ఇస్త్రి అంటే భార్య అని చెప్పాడు. ఒక పువ్వు నీకు, ఒకటి ఇంటి దగ్గర నీ కోసం చూసే మనిషికి, అంటోందట. "ఎవరూ చూడ్డం లేదు" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆ రెండో పువ్వు తనే నా జేబులో పెట్టింది. అది గురువారం. మన పదింటికి అక్కడ మధ్యాహ్నం కావస్తుంది. తణుకులో ఒక హాల్లో చాపలు పరిచి, బజ్జీల పిండి కలిపి, 'పిల్లాడు రాడు, లీవు దొరకలేదట' అన్న కబురు ఆలస్యంగా అంది, పన్నెండుమంది మొహమొహాలు చూసుకుంటున్న పూట అది. వాళ్ళలో కామేశ్వరి నాయనమ్మ ఉంది. కాళ్ళు పడిపోయినావిడ, మనవరాలి మొగుణ్ణి చూస్తానని కుర్చీలో మోయించుకుని వేరే ఊరి నుంచి వచ్చింది. నాలుగు నెలల తరవాత నేను మళ్ళీ లీవు అడిగి పుచ్చుకుని తణుకు వెళ్ళేసరికి ఆవిడ లేదు.

ఈ సంగతి పెళ్ళయిన వారానికి తెలిసింది. అప్పుడు నిజం చెప్పే ధైర్యం ఎక్కడిది? ఫొటోలూ నెగటివులూ అన్నీ చలపతిగారి దగ్గర దాచేశాను. నాతో ఉంచుకున్నది కొండ మీద నా ఫొటో ఒక్కటే, అది సంచి లోపలి జేబులో. ఆయనకు చెప్పవద్దని చెప్పాను. ఆయన చెప్పలేదు. మరి ఏం చేశాడంటే, నేను ఎప్పుడు కాస్త మొండికేసినా, "ఏరా, చెల్లెమ్మతో చెప్పమంటావా?" అని నవ్వేవాడు. నవ్వుతూనే! ఆ నవ్వుతో ముప్పై ఏళ్ళు నా చేత కుర్చీలు వేయించాడు, ఎయిర్‌పోర్టుకి కారు తీయించాడు, అప్పడాలు పంచించాడు. అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది వేరే. కొండ దిగొచ్చి వ్యానులో ముసలావిడ గురించి ఆయనకు చెప్పానా, ఘుబ్రాలో ఎవరింటి గృహప్రవేశంలోనో ఆ కథ ఆయన నోట విన్నాను. మంచు నాదే, చీపురు చప్పుడు నాదే, నా వెర్రి ఇస్త్రీ కూడా నాదే, మనిషి మాత్రం ఆయన. "ఆ పువ్వు దాచి, పెళ్ళయ్యాక మీ వదినకిచ్చాను" అని ముగించాడు. అందరూ 'ఆహా' అన్నారు. నా పక్కన కూర్చుని కామేశ్వరి కూడా 'ఆహా' అంది. అరిటాకు ముందు కూర్చుని నేను పిడికిలి బిగించి, మళ్ళీ పెరుగన్నం కలుపుకోవాలి గనక విప్పాను. కోపం వచ్చినా కలుపుకోక తప్పని జాతి మాది.

ఇంతకీ ఆ సంచి. చలపతిగారిదన్నాను కదా. కామేశ్వరి దాన్ని దులిపింది. లోపలి జేబులోంచి కవరు పడింది. కవర్లోంచి ఫొటో, కాఫీరంగుకు మారిన ఎండు పువ్వు. స్టూలు మీదే కూర్చుని ఫొటో చాలాసేపు చూసింది. "చలపతన్నయ్యగారి సంచి మీరెందుకు మోస్తున్నారు?" అంది. తరవాత, "ఇదెక్కడ?" అంది. తరవాత నా మొహం చూసింది. నేను చెప్పేశాను. గురువారంతో సహా. ఖర్జూరాలతో సహా. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ప్రతి ఏడూ మా నాయనమ్మ తద్దినం రోజున ఆ ముదీరుడి వంశాన్ని తిట్టుకుంటాను నేను. పాపం ఏమీ ఎరగని మనిషిని. నా నోటితో తిట్టించారు కదండీ" అంది. "చలపతిగారు..." అని మొదలుపెట్టాను. "ఆయన్నెందుకంటారు? ఆయన మీ అబద్ధాన్ని వాడుకున్నాడు. అబద్ధం మీది" అంది. ముప్పై ఏళ్ళు నేను ఆయన మీద కూడబెట్టిన కోపంలో సగం, నాకు రావలసిన వాటా ప్రకారం, నాకే తిరిగొచ్చింది.

మూడ్రోజులు మాట్లాడలేదు. పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది, అదే భయం వేసింది. నాలుగోరోజు పొద్దున్న, "ఆ ముదీరు పెద్దాయన ఉన్నారా?" అంది. నిజ్వాలో తోట చూసుకుంటున్నారన్నాను. "ఈ శనివారం వెళ్దాం. సున్నుండలు చేస్తాను. ఏం చెప్పాలో మీరే చెప్పుకోండి, నేను పక్కన కూర్చుంటాను." తరవాత పువ్వు చూపించి, "ఇది?" అంది. "నీదే" అన్నాను. ఆలస్యమైంది అనబోయి మానుకున్నాను. ఆవిడ దాన్ని కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "శుక్రవారం ప్రసంగానికి నేనూ వస్తాను. ఆ ఫొటో ఎవరిచేతనైనా లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి" అంది.

శుక్రవారం దార్సైట్‌లో అద్దె హాలు నిండింది. కొత్తగా వచ్చిన కుర్రజంటలు, ఫోనులో వేలు కదిపి మూడు నిమిషాల్లో జావాకి టికెట్టూ గదీ బండీ అన్నీ మాట్లాడుకోగలవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఎక్కడికీ వెళ్ళక్కర్లేనివాళ్ళు, వెళ్ళిన నిమిషానికి ఫొటో లోకమంతటికీ చూపించుకునేవాళ్ళు. వాళ్ళను చూస్తే ఈర్ష్య పుట్టింది. నా యాత్రలో నేను ఉన్నానని చెప్పడానికి నాకు జీవితంలో సగం పట్టింది. చలపతిగారు పట్టు లాల్చీలో వచ్చి, ముందు వరసలో కామేశ్వరిని చూసి, నా చెవి దగ్గర వంగాడు. "చెల్లెమ్మ వచ్చిందేంట్రా? నోరు జారతానేమో, జాగ్రత్త" అని నవ్వాడు.

"జారండి అన్నగారూ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మైకు అందుకున్నాడు. బోరోబుదూర్ మొదటి మెట్టు. "తొమ్మిది అంతస్తులు ఎక్కానండీ. నెక్స్ట్." నొక్కాను. ప్రంబనన్ ప్రహరీ. "ఒక్కణ్ణే, చేతిలో మ్యాపు. నెక్స్ట్." నొక్కాను. లావు కొండ మొదటి మెట్టు. మంచు వచ్చింది, చీపురు వచ్చింది, ముసలావిడ వచ్చింది, ఇస్త్రీకి హాలంతా గొల్లుమంది. "వీపున ముప్పై కిలోల బరువుతో ఎక్కానండీ ఆ కొండ. నెక్స్ట్."

నొక్కాను. తెర నిండా నేను. ఇరవయ్యేడేళ్ళ నేను, వీపున ఒక సంచి, పొట్టన ఒక సంచి, నోరు తెరుచుకుని, జుట్టు మొహం మీద పడి, పొట్టమీది సంచిలోంచి తొంగి చూస్తున్న కుక్కరు మూత. నా వెనక, దూరంగా కింద, తలుపు తీసిన వ్యాను, అందులోంచి బయటికి చాచుకున్న రెండు కాళ్ళు, హాయిగా ఒకదాని మీద ఒకటి.

చలపతిగారు తెర చూసి, నన్ను చూసి, మళ్ళీ తెర చూశాడు. వెనక వరసలోంచి ఎవరో కుర్రాడు, "ఎవరండీ ఆయన?" అన్నాడు.

"అక్కడ దొరుకుతారండీ కూలీలు... పాపం, మంచివాడు" అన్నాడు చలపతిగారు.

కామేశ్వరి లేవలేదు. కూర్చునే, హాలంతా వినపడేలా అంది, "ఆ కూలీ మా ఆయనే అన్నయ్యగారూ. ఆ కాళ్ళెవరివో మీరు చెప్పండి."

ఒక మూల నుంచి మొదలైన నవ్వు హాలంతా పాకింది. చలపతిగారు కూడా నవ్వబోయి, నోరు సగంలో ఆగిపోయి, రుమాలు తీసుకున్నాడు. "సరే సరే... నెక్స్ట్, శేషూ" అన్నాడు.

నేను నొక్కలేదు.

"నెక్స్ట్ రా."

బొత్తాం మీద నుంచి వేలు తీసేశాను. ఇంకా ఇరవై స్లైడులున్నాయి. బస ఇళ్ళు, బజార్లు, రైలు స్టేషన్లు, అన్నిట్లో ఆయనే. అవన్నీ ఆయన నా ఫొటో ముందు నిలబడే చెప్పాల్సొచ్చింది, వచ్చే ఏడు పది కుటుంబాలను జావా తీసుకెళ్తానన్న ప్రకటన కూడా, నా పొట్టమీది కుక్కరు మూత సరిగ్గా ఆయన నెత్తి మీదకి వచ్చేలా. మధ్యమధ్యన "నెక్స్ట్" అంటూనే ఉన్నాడు, ప్రతిసారీ కొంచెం తగ్గు గొంతుతో, కొంచెం మర్యాదగా. చివరిసారి "నెక్స్ట్, శేషగిరిగారూ" అన్నాడు. ముప్పై ఏళ్ళలో నా పూర్తి పేరు ఆయన నోట వినడం అదే మొదలు. నేను లాప్‌టాప్ పక్కన పెట్టిన ప్లేటులోంచి సమోసా తీసుకుని, విరిచి, సగం ముందు వరసలోకి చెయ్యి చాచి కామేశ్వరికి ఇచ్చాను.